ట్రాక్ సున్నా

ఫహాహీల్‌లో సముద్రం పక్క సందు,
మొయ్దు ఇక్కా కొట్టు మూసేసిన రోజు
రెండు వందల పన్నెండు సీడీలు
బియ్యం సంచిలో పోసి నా చేతికిచ్చాడు.
"మీ తెలుగువి. తూకానికేస్తే పావు దీనారు రాదు.
నువ్వయితే పారెయ్యవు."
పెట్టెలు సగం పగిలినవే.
మూత తీస్తే ప్రతి కీలులోనూ చిటికెడు ఇసుక.

రిఫైనరీలో నాది గేజిల పని.
గేజి ఒకసారి చెప్పింది నమ్మకూడదు,
రెండోసారి చదవాలి, రెండూ కలిస్తేనే రాయాలి.
శుక్రవారాలు గదిలోనూ అదే పని ఇప్పుడు:
పాత ల్యాప్‌టాప్, ఎనిమిది దీనార్ల డ్రైవు,
డబ్బడగని ఒక సాఫ్ట్‌వేరు.

దాన్ని రాసినవాళ్లెవరో నాకు తెలీదు.
ఈ ఊళ్లో గోడలకి చల్లనీళ్ల కొళాయిలు పెట్టిస్తారు,
పోయినవాళ్ల పేరు మీద.
మిట్టమధ్యాహ్నం సైకిలాపి తాగేవాణ్ణి
ఊరేది, అకామా ఉందా అని ఆ నీళ్లు అడగవు.
ఇదీ అలాంటి చలివేంద్రమే.
పైగా నుయ్యెక్కడుందో కూడా దాచదు.

పై మంచం మీంచి దిల్‌బహదూర్ నవ్వుతాడు:
"పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా, వీరా?"
ఉన్నాయి.
నాలుగుసార్లు మిషన్లో పెట్టి తీసిన చెరుకుగడలాగా ఉన్నాయి.
నీ చెవికి ఇది అక్కర్లేదులే అని
ఎవడో ముందే తీసి పారేశాడు
తంబురా అడుగున గరగరని,
తాళం మోగాక గాల్లో మిగిలే తోకని.
నా పేరు యర్రంశెట్టి వీర వెంకట సుబ్బారాయుడు.
సివిల్ ఐడీలో గడులు చాలక
వీర వెంకట సుబ్బ దగ్గర ఆగిపోయాను.
కోత అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇది కొయ్యదు. మడత పెడుతుంది, అంతే.
పట్టుచీర ట్రంకులో పెట్టినట్టు,
విప్పితే జరీపోగు తగ్గదు.
గీత పడ్డ చోట డ్రైవు గొంతు మారుతుంది.
వెనక్కొస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ,
ఏడో ఎక్కం దగ్గర తడబడి
మొదట్నుంచి అందుకునే పిల్లాడిలా.
నూట ముప్పై ఏడో డిస్కు టూత్‌పేస్టు రుద్దినా లొంగలేదు.
నాలుగో పాటలో మెతుకంత మేర చదవలేకపోయానని
లాగ్‌లో తనే రాసుకుంది, సిగ్గుపడకుండా.
మా సూపర్‌వైజరుకి చూపించాలనిపించింది.

జులై. రాత్రి పదింటికీ బయట నలభై ఒకటి.
తణుకులో ఎవరో చిన్న కంపెనీవాళ్లు వేసిన హరికథ,
రత్నమాణిక్యం గారిది. బొమ్మ కూడా లేదు అట్ట మీద.
డ్రైవులో పెట్టగానే తెర మీద ఒక మాట:
మొదటి ట్రాక్ కంటే ముందు ఏదో ఉంది. ఉంచనా?

ఒకటికి ముందు ఏముంటుంది?
ఉంచమన్నాను.
హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.
బల్ల మీద చిడతలు పెట్టిన చప్పుడు. ఒక దగ్గు.
"ఆ ఫ్యాను ఆపండి బాబూ, కథలోకి గాలి వస్తోంది."
స్విచ్చి.
రెక్కలు మెల్లగా, ఇంకా మెల్లగా,
ఒక్కోటీ లెక్కపెట్టేంత మెల్లగా తిరిగి
తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేనిదే
మా ఏసీ హోరులో నాకు సరిగా వినబళ్లేదు.
లేచి ఆపేశాను.
దిల్‌బహదూర్ చెమటతో, తిట్టుకుంటూ దిగాడు.
హెడ్‌ఫోన్ పీకేసి మళ్లీ మొదట్నుంచి వేశాను.
తెలుగు ఒక్క ముక్క రానివాడు
ఆ రెక్కలు ఆగేదాకా కదల్లేదు.
"ఆగిపోయింది" అన్నాడు హిందీలో,
ఫ్యానన్నదే లేని మా కప్పు వైపు చూస్తూ.

ఏసీ వేసి
గేజిల నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను:
ట్రాక్ సున్నా. పంతొమ్మిది సెకన్లు.
రెండుసార్లు చదివాను. రెండూ ఒకటే.